పెద్దమ్మ కాటా ఎక్కిన వానాకాలం

మా మామయ్య బొగ్గుబాయిలో పనిచేసి రిటైరైన మనిషి. ఉద్యోగంలో మొదటి సగం బాయి లోపల గడిచింది, రెండో సగం కాటా గదిలో. లోపల పైకప్పు కూలి నడుము దెబ్బతిన్నాక ఆయనను పైకి తెచ్చి, బొగ్గు లారీలు తూచే కాటా దగ్గర కూర్చోబెట్టారు. ఎక్కువ బరువున్న లారీని పక్కకు పెట్టించి, డ్రైవరు ఎంత బతిమాలినా వినకుండా, పారతో బొగ్గు దింపించి మళ్ళీ తూచేవాణ్ణని గొప్పగా చెప్పుకునేవాడు. ఆ కొలువు అయిపోయి ఇంటికి వచ్చినా చెయ్యి ఊరుకునేది కాదు. చుట్టం వస్తే ఆ చేతిలో సంచీ తీసుకుని, ఒకసారి లేపి చూసి, ఎంతుంటుందో మనసులో అనుకుని, అప్పుడు నన్ను మంచినీళ్ళు తెమ్మనేవాడు.

మాది పెనుబల్లి దాటినాక అడవి మొదలయ్యే చోట ఊరు. ఊరికీ రోడ్డుకూ నడుమ వాగు. నాలుగు ఎకరాల మిరప, రెండు బర్రెలు, పెంకుటిల్లు. నేను కాపురానికి వచ్చేసరికి ఇంట్లో మామయ్య, అత్తమ్మ, మా ఆయన, పెద్దమ్మ ఉన్నారు.

పెద్దమ్మ అంటే మామయ్యకు సొంత అక్క. నాకు పెద్దమ్మ వరుస. తల్లి పోయేనాటికి మామయ్య ఇంకా పాలు మరవని పిల్లవాడట. ఈమెకు పెళ్ళయితే తమ్ముణ్ణి చంకన వేసుకునే అత్తగారింటికి వెళ్ళింది. "గీమెకు పెండ్లికి ముందే పిల్లగాడు పుట్టిండు" అని అక్కడి ఆడవాళ్ళు ఎకసెక్కాలాడేవారని తనే చెప్పి నవ్వేది. మొగుడు పోయాక తమ్ముడి ఇంటికే తిరిగి వచ్చింది. మనిషి పెద్దది. నడిస్తే వంటింట్లో గిన్నెలు కదిలేవి. తినడమంటే ఇష్టం, ఆ ఇష్టాన్ని దాచుకునేది కాదు. ఎండుచేపల పులుసు వండిన రోజున అన్నం కుండకు దగ్గరగా పీట వేసుకునేది. కాళ్ళకు మాత్రం నీరు పట్టేది. సాయంత్రానికి వేలితో నొక్కితే గుంట పడి, చాలాసేపటికి గానీ పూడేది కాదు.

బాయిలో పైకప్పు కూలిన రోజున ఆమె బాయి గడ్డమీద నిలబడి, తమిళదేశంలో సముద్రం ఒడ్డున ఉన్న వేళాంగణ్ణి మాతకు మొక్కుకుంది. తమ్ముడు ప్రాణంతో వస్తే ఆ తల్లి గుడికి వస్తానని. తమ్ముడు వచ్చాడు. మొక్కు అట్లాగే ఉండిపోయింది. మొదట మా ఆయన చదువు అడ్డం వచ్చింది, తర్వాత పెళ్ళి, తర్వాత అత్తమ్మకు ఆపరేషన్. ప్రతి ఏడూ వానాకాలంలో ఆ తల్లి పండుగ దగ్గరకొస్తుంటే పెద్దమ్మ అడిగేది. "తమ్మీ, ఈ ఏడన్న పోదమా" అని. "చూద్దామక్కా" అనేవాడు ఆయన. నేను వచ్చాకే ఆ మాట ఎన్నిసార్లు విన్నానో.

రెండువేల సంవత్సరం దాటిన నాలుగైదేళ్ళకు మామయ్య వేలంలో ఒక పాత జీపు పాడుకుని వచ్చాడు. పొట్టిది. ముందు ఇద్దరు, వెనక ఎదురెదురుగా చిన్న బల్లలు, పైన గుడ్డ టాపు. ముందు చక్రాలు కూడా లాగుతాయి. పెద్ద గేరు పక్కన ఇంకో పొట్టి గేరు ఉండేది, అది వేస్తే నాలుగు చక్రాలూ పట్టి వాగు దాటేది. ఎడ్లబండి దిగబడే చోట కూడా అది మూలుగుతూ బయటికి వచ్చేది. మిరప బస్తాలు దానిమీదే రోడ్డుకు చేర్చేవాళ్ళం. ఆ జీపు ఇంటికి వచ్చిన ఏడే మామయ్య తనంతట తనే అన్నాడు. "అక్కా, ఈ పండుగకు వేళాంగణ్ణి పోదం. రైలు లేదు, బస్సు లేదు. మన బండి మీదనే." పెద్దమ్మ చేతిలో చింతపండు పిసుకుతున్నదల్లా ఆపి, ఆ పులుసు చేతితోనే సిలువ వేసుకుంది. రవిక మీద మరక పడింది.

వానలు పడుతుండగానే జీపు పని మొదలైంది. కల్లూరు నుంచి మేస్త్రీ వచ్చి మా కొట్టంలోనే మకాం పెట్టాడు. జీపును దిమ్మెల మీద లేపి, చక్రాలు ఊడదీసి, కింద దూరి పడుకునేవాడు. నేను టీ తీసుకుపోతే చక్రం లేని చోటునుంచి నల్లటి చెయ్యి ఒకటి బయటికి వచ్చి గ్లాసు అందుకునేది. మూడో నాడో నాలుగో నాడో కింద నుంచి బయటికి వచ్చి మామయ్యతో చెప్పాడు.

"పెద్దాయనా, ఇంజను మంచిగనే ఉన్నది. కింద చూస్తే బరువు మోసే కమాను పట్టీలు అలిసిపోయినయ్. చాసీకి ఒక దిక్కు నెర్రె పట్టింది, అతుకు పెడత. గంత దూరం పోయే బండి, లోడు జర చూస్కోని పెట్టుకో."

"ఎంత లోడు?" అన్నాడు మామయ్య.

"గదెట్ల చెప్త? మనుషులే గదా పోయేది."

"మనుషులకు బరువుండదా" అన్నాడు మామయ్య.

అక్కడ పడింది బీజం. ఇంకో ఇంట్లో అయితే ఆ మాట విని నలుగురు పోయేచోట ముగ్గురు పోయేవారు, లేదా దేవుడి మీద భారం వేసి అందరూ ఎక్కేవారు. మా ఇంట్లో మిరప తూచే కాటా ఉంది, తూచడమే బతుకైన మనిషి ఉన్నాడు. ఆ ఆదివారం పూజ అయి గుడి నుంచి వచ్చాక కొట్టంలో పట్టా కప్పి ఉన్న కాటాను మా ఆయనతో బయటికి లాగించి వాకిట్లో పెట్టించాడు. కింద బస్తా పెట్టే ఇనప పలక, ముందు నిలువు కంబం, దాని మీద అడ్డంగా ఇత్తడి దండె, దండె మీద జరిపే బిళ్ళ. బిళ్ళ పెట్టిన చోటుకన్నా సరుకు బరువుగా ఉంటే దండె టక్కుమని పైకి కొట్టుకుంటుంది.

"పొయ్యేటోళ్ళు ఒక్కొక్కరే ఎక్కుండ్రి" అన్నాడు.

అత్తమ్మ తమ్ముడూ, ఆయన భార్యా అప్పటికే తిరుమలాయపాలెం నుంచి దిగి ఉన్నారు. జీపు పనికి సాయమని వచ్చారు. సాయమంటే, మేస్త్రీ పనిచేస్తుంటే పక్కన మంచం వేసుకుని కూర్చుని మాటలు చెప్పడం. ఆయనకు తమిళం వస్తుందని వెంట తీసుకుపోతున్నారు. ఎప్పుడో లారీ మీద మద్రాసు పోయివచ్చాడు. నాకు తెలిసి ఆయనకు వచ్చిన తమిళం నీళ్ళు, అన్నం, డబ్బులు, ఈ మూడు ముక్కలే.

మొదట ఆయన ఎక్కాడు, తర్వాత భార్య, తర్వాత అత్తమ్మ, బండి నడిపే మా ఆయన. మామయ్య బిళ్ళ జరిపి, బరువు గట్టిగా చదివి, దిగమనేవాడు. మిరప యార్డులో పిలిచినట్టే. చిట్టచివర పెద్దమ్మ. చెప్పులు విడిచి, కొంగు నడుముకు దోపుకుని, నా భుజం పట్టుకుని ఎక్కింది. పలక కిర్రుమంది. మామయ్య బిళ్ళను జరిపాడు, ఇంకా జరిపాడు, దండె చివరిదాకా జరిపాడు. అయినా టక్కుమన్నది.

"నీరు పట్టిన సరుకు బావా" అన్నాడు అత్తమ్మ తమ్ముడు మంచం మీద నుంచి. "తరుగు తియ్యాలె."

తడి మిరపకాయలు తెస్తే వ్యాపారులు తడి పేరున కొంత తూకం కొట్టేస్తారు. దాన్నే తరుగు అంటారు. మా అందరికీ తెలిసిన మాటే. అందరూ నవ్వారు. మేస్త్రీ ఒక్కడు నవ్వలేదు, జీపు కిందకు దూరాడు. పెద్దమ్మ కూడా నవ్వింది. కాటా మీద నిలబడే, తన కాళ్ళు చూసుకుని నవ్వింది.

మామయ్య నవ్వలేదు. బిళ్ళను వెనక్కి తెచ్చి ఒకచోట ఆపి, ఇనప తీగ తెచ్చి, కదలకుండా దండెకు చుట్టి కట్టాడు. రెండు మిరప బస్తాలకు పెట్టే చోటు అది.

"అక్కా, బిళ్ళ గీడ కట్టిన. దండె లేవకుండ ఉన్న నాడు నీకు సీటు. నేను అనుడు కాదు, బండి అంటున్నది."

"మొక్కు నాది గద తమ్మీ" అంది పెద్దమ్మ.

"మొక్కుకు బరువుండదక్కా. మనిషికుంటది."

"మరి నీ బామ్మర్ది, ఆయన పెండ్లాం? ఆళ్ళకు గుడ మొక్కున్నదా?"

"వానికి భాష వచ్చు. వాడు లేకుంటే ఆ అరవ దేశంల ఎవరిని అడుగుతం?"

పెద్దమ్మ నా భుజం పట్టుకుని దిగింది. దిగుతూ ఆ కట్టిన తీగను ఒకసారి వేలితో తడిమి చూసింది.

ఆ మరునాటి నుంచి ఆమె అన్నం మానేసింది. పొద్దున గ్లాసెడు గంజి, మధ్యాహ్నం ఒక జొన్నరొట్టెలో సగం, రాత్రి ఏమీ లేదు. వెనకటి నుంచీ ఈస్టరుకు ముందు వచ్చే లెంటు రోజుల్లో కూడా ఉపవాసం చెయ్యలేని మనిషి. ఫాదర్ దగ్గర ప్రతి ఏడూ ఆ పాపం ఒప్పుకునేదట, ఆయన నవ్వి వదిలేసేవాడట. ఇప్పుడు ఎవరూ విధించకుండానే పట్టింది. నడుముకు తడిగుడ్డ బిగించుకుని పడుకునేది. కడుపులో ఏదో అరిచినట్టు చప్పుడయ్యేది. ఆ చప్పుడుకు తనే సిగ్గుపడి దగ్గేది.

అదే నెలలో మా ఇంట్లో పొయ్యి ఆరలేదు. తమ్ముడు ఇంట్లో ఉన్నాడని అత్తమ్మ రోజుకొకటి వండించేది. నాటుకోడి ఒకరోజు, గారెలు ఒకరోజు, ఎండుచేపలు, రొయ్యల పొడి. వడ్డించేది నేను. అత్తమ్మ పిలిచి మరీ కూర్చోబెట్టేది ఆమెను.

"వదినా, ఒక్క ముద్ద తినరాదు. గీ చేపల పులుసంటే నువ్వు ప్రాణమిడుస్తవు గదా."

"పెట్టకక్కా" అనేవాడు అత్తమ్మ తమ్ముడు, ముల్లు తీసుకుంటూ. "ముద్దకు సీటు పోతది."

"సీటు ఏడికి పోతదిరా. నువ్వు ఇరుకుగ కూసుంటే సరి."

ఇద్దరూ నవ్వుకునేవారు. పెద్దమ్మ గోడకు ఆనుకుని జపమాల తిప్పుకుంటూ, మాటలు విననట్టు కూర్చునేది. కళ్ళు మాత్రం గిన్నె మీదే ఉండేవి. ఒకనాడు నేను చాటుగా గ్లాసెడు చిక్కటి మజ్జిగ తీసుకుపోయి చేతికి ఇచ్చాను. వాసన చూసింది. కళ్ళు మూసుకుని మళ్ళీ వాసన చూసి, గ్లాసు నా చేతిలో పెట్టింది.

"నువ్వు గుడ నా సీటుల కూసుంటవా బిడ్డా?" అంది.

నాకు ఏ సీటూ లేదు. మిరప నారు నాటే రోజులు, బర్రెలు, చంటిపిల్ల. నేను ఇంట్లో ఉండేదాన్నని ఎవరూ అడగకుండానే తీర్మానమైపోయింది. అయినా ఆ మాట అన్నాక ఇంకెప్పుడూ ఆమెకు ఏదీ చాటుగా పెట్టలేదు.

ప్రతి ఆదివారం పూజ కాగానే తూకం. ఊళ్ళో ఈ సంగతి పాకింది. గుడి నుంచి వచ్చేవాళ్ళు మా గోడ దగ్గర ఆగేవారు. పిల్లలు గోడ ఎక్కి కూర్చునేవారు. పెద్దమ్మ ఎక్కగానే అందరూ దండె వంక చూసేవారు. అది మొదటి వారం టక్కుమని ఎగిరి కొట్టింది. తర్వాత వారం కొంచెం మెల్లగా లేచింది. ఆ పై వారం బద్ధకంగా, నిద్ర లేచినట్టు లేచింది. కానీ లేచింది.

"ఇంకున్నదక్కా" అనేవాడు మామయ్య.

ఈ పక్క ఆమె తగ్గుతుంటే ఆ పక్క జీపు పెరుగుతూ వచ్చింది. కింద రేకు తుప్పు పట్టిందని మందపాటి ఇనప పలక వేసి అతికారు. ముందు అడ్డంగా ఇనప గార్డు వచ్చింది. టాపు పైన సామాను పెట్టడానికి కడ్డీలతో క్యారియరు, దాని మీద రెండో స్టెప్నీ. చివరకు మేస్త్రీ కమాన్లు విప్పి, పాతవాటి కింద కొత్త పట్టీలు రెండేసి వేసి బిగించాడు. ఆ రోజు చేతులు తుడుచుకుంటూ మామయ్య దగ్గరకు వచ్చాడు.

"ఇగ ఏం ఫికర్ లేదు పెద్దాయనా. ఎంత లోడైనా గుంజుతది. ఆ పెద్దమ్మను గుడ తోల్కపో. ఆమెను ఎండవెట్టవల్సిన పని లేదు."

పెద్దమ్మ అరుగు మీదే ఉంది. తల ఎత్తింది. మామయ్య వంగి కొత్త కమాన్లను చేత్తో తట్టి చూశాడు.

"కాటా పెట్టినంక మాట మార్చుడు ఉండది" అన్నాడు. "బాయిల గుడ ఎన్నడు మార్చలే. ఒక్కనికి ఇడిస్తే అందరు అడుగుతరు."

ఎవరు అడుగుతారు? అడగడానికి ఇంకెవరున్నారు? ఈ మాట అప్పుడు మా ఆయన అనాలి. ఆయన స్పానరు చేతిలో పెట్టుకుని, ఏదో నట్టు వదులుగా ఉన్నట్టు జీపు వెనక్కి వెళ్ళాడు. మేనత్త చేతి అన్నం తిని పెరిగినవాడే.

ఇంకో ఆదివారం పోయింది. దండె కొంచెమే లేచింది, వేలెడు కూడా కాదు. ఆ మధ్యాహ్నం పెద్దమ్మ అరుగు దిగి మేస్త్రీ దగ్గరకు పోయింది. ఆమె కాళ్ళకు పెళ్ళినాటి వెండి కడియాలు ఉండేవి. ఎప్పుడో సన్నటి కాళ్ళకు ఎక్కించినవి, కాళ్ళు లావై కండలో మునిగిపోయాయి. ఈ మధ్య మనిషి చిక్కినా, నీరు పట్టడం వల్ల చీలమండలు చిక్కలేదు.

"మేస్త్రీ, ఇవి కోసెయ్యి బిడ్డా."

ఆయన ఒప్పుకోలేదు. పెద్దమ్మ బతిమాలింది. చివరకు జీపు చక్రం దిమ్మె మీద ఆమె కాలు పెట్టించి, కడియానికీ చర్మానికీ నడుమ తడిగుడ్డ జొనిపి, క్యారియరు కడ్డీలు కోసిన రంపం బ్లేడుతోనే కోశాడు. నేను కాలు పట్టుకున్నాను. బ్లేడు వేడెక్కినప్పుడల్లా ఆగి నీళ్ళు పోసేవాడు. రెండో కడియం దగ్గర ఒకసారి గుడ్డ జారింది. ఆమె అరవలేదు, నా జుట్టు గుప్పెట పట్టుకుంది. కోసేశాక ఆ చోట చర్మం తెల్లగా, పసిపిల్ల చర్మంలాగా ఉంది. గాటు పడినచోట మాత్రం నెత్తురు సన్నగా పాదం మీదికి వచ్చింది.

మామయ్య ఆ రెండు కడియాలనూ అరచేతిలో వేసుకుని, లేపి దించి చూశాడు.

"వీట్ల ఏమున్నదక్కా. పావుకిలో గుడ రాదు" అన్నాడు.

అత్తమ్మ వచ్చి, దాచిపెడతానని చెప్పి కొంగున కట్టుకుంది.

ప్రయాణం ముందటి ఆదివారం పెద్దమ్మ గుడికి తెల్లటి పాత చీర కట్టుకుని వచ్చింది, ఉతికి ఉతికి దోమతెరలాగా అయినది. ముందటి రాత్రి నుంచి నీళ్ళు కూడా తాగలేదు. ఫాదర్ చేత సత్ప్రసాదపు అప్పం ఒక్కటే నాలుక మీద వేయించుకుని, ఎవరితోనూ మాట్లాడకుండా, నేరుగా వాకిట్లోకి నడిచి వచ్చి కాటా ఎక్కింది. ఈసారి నా భుజం పట్టుకోలేదు.

దండె లేవలేదు.

మామయ్య కట్టిన తీగను చూశాడు, బిళ్ళ ఏమైనా జరిగిందా అని. జరగలేదు. వేలితో దండెను కింద నుంచి తట్టాడు. అది కొంచెం ఊగి, కిందనే ఆగింది. పెద్దమ్మ నోరు తెరిచి నవ్వింది. బుగ్గలు పోయిన ఆ మొహంలో పళ్ళే కనబడ్డాయి.

"సరుకు ఎండింది బావా" అన్నాడు అత్తమ్మ తమ్ముడు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

మామయ్య అప్పుడు తల ఎత్తి అక్కను చూశాడు. ఆ నెలరోజులూ ఆయన దండెనే చూశాడు గానీ మనిషిని చూడలేదని నాకు అప్పుడు అర్థమైంది. మెడ కింద చర్మం వేలాడుతోంది. తూకం అయినాక ఇక నిలబడలేక ఆమె కంబాన్ని పట్టుకుని ఉంది.

అత్తమ్మ ముందుకు వచ్చింది.

"ఏమయ్యా, ఆమెను చూసినవా? గిట్లున్న మనిషిని గంత దూరం ఎట్ల తీస్కపోతవ్? దారిల ఏమన్నైతే ఏ దవాఖానకు పోతం? భాష రాని దేశంల పీనుగను పెట్టుకోని ఎవరికి చెప్పుకుంటం?"

"నాకేం కాలే" అంది పెద్దమ్మ. "ఆకలైతున్నది, గంతే. ఇయ్యాల్ల తింట. రేపు తింట. మంచిగైత."

"తింటే మళ్ళ బరువెక్కుతవ్ వదినా" అంది అత్తమ్మ. ఎంతో మామూలుగా, ఉప్పు తక్కువైందని చెప్పినట్టు.

మామయ్య దండెకు కట్టిన తీగ విప్పాడు. "తూకం తప్పలేదక్కా" అన్నాడు. "నువ్వు గెలిచినవ్. కాదనను. కానీ నిన్ను గిట్ల తోల్కపోతే పదిమంది నన్నే అంటరు, అక్కను సంపెతందుకు తీస్కపోయిండని. నీ మొక్కు నేను తీర్చుకోనొస్త. నువ్వు ఇంట్ల మంచిగ తిని పండుకో."

పెద్దమ్మ కాటా దిగలేదు. అందరూ లోపలికి పోయారు, పిల్లలు గోడ దిగారు. వాన మొదలైంది. నేను పోయి చెయ్యి పట్టుకుని దింపితే దిగింది. ఆ రోజు కూడా తినలేదు. ఇంకా ఎక్కడో ఆశ ఉందేమో.

బయల్దేరే పొద్దున క్యారియరు మీదికి సామాన్లు ఎక్కించారు. గ్యాసు బండ, పొయ్యి, బియ్యం బస్తా, మడత మంచం, ఇనప పెట్టె, డీజిలు క్యాన్లు. ఏదీ కాటా ఎక్కలేదు. పెద్దమ్మ ఉతికిన చీర కట్టుకుని, చిన్న సంచీ పట్టుకుని, అరుగు మీద కూర్చుని ఉంది.

"తమ్మీ" అని పిలిచింది. "ఆ గ్యాసు బండ నాకన్న అల్కగుంటదా?"

మామయ్య తాడు ఇంకో చుట్టు బిగించాడు. బామ్మర్ది పలికాడు. "అది మాట్లాడది వదినా. దారి పొడుగునా నోరు మూసుకోని పంటది."

అత్తమ్మకు అప్పుడు ఒక మంచి ఆలోచన వచ్చింది. లోపలికి పోయి కత్తెర తెచ్చింది. "వదినా, నీ జుట్టు కోసియ్యి. కవర్ల పెట్టుకోని పోయి ఆ తల్లి కాడ ఇస్తం. నువ్వు పోయినట్టే లెక్క. అదైతే బరువుండది."

"నా తలకాయ ఈడ పెట్టి ఎంట్రుకలు పోయి ఆమెతోని ఏం మాట్లాడుతయ్" అంది పెద్దమ్మ. కత్తెర వంక చూడనైనా లేదు.

జీపు కదిలింది. వాగు నిండుగా ఉంది. మా ఆయన ఒడ్డున ఆపి పొట్టి గేరు వేశాడు. నాలుగు చక్రాలూ పట్టి, నీళ్ళు బానెట్టు దాకా చిమ్ముకుంటూ, ఆ ఇనుమంతా మోసుకుని ఎక్కడా తడబడకుండా ఆ ఒడ్డుకు ఎక్కింది. దానికంత బలం ఉంది. మేం ఇద్దరం ఈ ఒడ్డున నిలబడి చూశాం. అడవి మలుపులో అది కనపడకుండా పోయిందాకా పెద్దమ్మ కదల్లేదు. తర్వాత సంచీ నా చేతికిచ్చి, "అన్నం వండుదువు పా" అంది.

ఆ రోజు వంటింట్లో పీట వేసుకుని కూర్చుని తిన్నది. మెల్లగా తినమని చెప్పినా వినలేదు. సగం కక్కుకుంది. నోరు కడుక్కుని వచ్చి మళ్ళీ కూర్చుంది.

వాళ్ళు పోయి, పండుగ చూసి, క్షేమంగా తిరిగి వచ్చారు. టైరు కూడా పంక్చరు కాలేదు. మామయ్య వారం రోజులు ఊరంతా తిరిగి అదే చెప్పాడు, పాత బండి అన్నారు గదా, సముద్రం దాకా పోయి వచ్చిందని. ఆ తల్లి గుడి దగ్గర నిలబడి తీయించుకున్న ఫోటో చూపించాడు. అక్క మొక్కు తీర్చి వచ్చానని కూడా చెప్పాడు. వచ్చిన రోజు సాయంత్రం మంత్రించిన నూనె సీసా తీసుకుని పెద్దమ్మ దగ్గరకు వచ్చాడు. ఆమె అప్పటికి కొంచెం కోలుకుంది. చేటలో బియ్యం ఏరుతోంది.

"అక్కా, గీ నూనె నుదుటికి పెట్టుకో. నీ పేరు చెప్పి కొవ్వొత్తి ముట్టిచ్చిన. మొక్కు తీరింది."

"నేనేమని మొక్కిన్నో తెలుసునా తమ్మీ?" అంది ఆమె, చేట మీద నుంచి తల ఎత్తకుండా.

"వస్తనని మొక్కినవ్ గదా."

"ఒక్కదాన్ని వస్తనంటే అదేం మొక్కు. 'తల్లీ, వాన్ని ఇప్పుడు నాకియ్యి. మళ్ళ నేనే చెయ్యి పట్టి నీ కాడికి తోలుకోనొస్త. తోలుకోని రాకుంటే నీ ఇష్టం, నీ సొత్తు నువ్వు తీస్కో' అన్న. గట్ల అన్న. నువ్వు ఒక్కనివే పోయి మొహం చూపిచ్చి వచ్చినవ్. ఆమె ఏమనుకున్నదో నాకేం తెలుసు? ఇగ నువ్వు, ఆమె చూస్కోండ్రి."

నిజంగా అట్లా మొక్కిందో, ఆ క్షణంలో పుట్టించిందో నాకు ఇప్పటికీ తెలియదు. నేను అడగలేదు, అడిగితే చెప్పే మనిషి కాదు. నూనె సీసా పట్టుకున్న మామయ్య మొహం సున్నం కొట్టినట్టు అయిపోయింది. బాయిలో చీకట్లో మట్టి కింద ఉన్నవాడు గదా, ఆ మాట ఎంత దూరం పోయి తగలాలో అంత దూరం పోయి తగిలింది.

ఆ చలికాలం ఆయనకు దగ్గు వచ్చింది. బాయిలో చేసినవాళ్ళందరికీ వచ్చే దగ్గే, అంతకు ముందు కూడా వచ్చేది. ఇప్పుడు మాత్రం దగ్గినప్పుడల్లా ముందు అక్క వైపు చూసేవాడు. ఆమె చూసేది కాదు. రాత్రిళ్ళు నడుము నొప్పి అంటే, "తైలం రాయి" అని మా అత్తమ్మకు చెప్పేది గానీ, లేచేది కాదు. ముందైతే నీళ్ళు కాచి కాపడం పెట్టేది ఆమే.

మరుసటి ఏడు ఇంకా వానలు పడకముందే ఆయన కల్లూరు మేస్త్రీకి కబురు పెట్టాడు. జీపు వెనక బల్లలు ఊడదీయించి, ఒక పక్కంతా మెత్తటి సీటు వేయించాడు, పడుకుని పోయేంత వెడల్పుగా. ఎక్కడానికి కింద ఇనప మెట్టు పెట్టించాడు. బామ్మర్దిని పిలవలేదు. అత్తమ్మ ఏదో అనబోతే నోరు మూసుకోమన్నాడు. అంతా అయ్యాక, మధ్యాహ్నం వేళ, వంటింటి గుమ్మం దగ్గరకు వచ్చి నిలబడ్డాడు. పెద్దమ్మ పీట మీద కూర్చుని ఎండుచేపల పులుసుతో తింటోంది.

"అక్కా, బండి తయారైంది. మనమిద్దరమే. పండుగ దాకా గుడ ఎందుకు, రేపే పోదం."

ఆమె ముద్ద నోట్లో పెట్టుకుని, నమిలి, మింగిందాకా ఆయన చెయ్యి చౌకట్టు మీదే ఉంది.

"ఈ ఏడు నాకు తీరదు తమ్మీ" అంది. "నారు పొయ్యాలె."

"అక్కా" అన్నాడు మళ్ళీ. చిన్నపిల్లవాడు పిలిచినట్టు ఉంది.

"చూద్దాం తియ్యి" అంది పెద్దమ్మ. నా వైపు తిరిగి కంచం జరిపింది. "ఇంకొంచెం పులుసు పొయ్యి బిడ్డా. ముక్క గుడ ఎయ్యి."